మన పిల్లల చదువునకు పనికివచ్చు వెబ్‌సైట్లు

గత సంవత్సరము మా పాఠశాలలో జరిగిన తలిదండ్రుల సమావేశమున ఒక తండ్రిగారు లేచి, "అయ్యవారూ, మావాడికి తెలుగు బాగానే వస్తుందండి. పొద్దస్తమానం ఫోనులో తెలుగు సినిమాలు, తెలుగు పాటలు చూస్తానే వుంటాడు" అని సంతోషముతో చెప్పిరి. ఆ బాలుడు ఆరవ తరగతి విద్యార్థి. ఆ దినమున మా బల్లమీద ఎవరో ఇచ్చిపోయిన శుభలేఖ యొకటి ఉండెను. దానిని బాలుని చేతికిచ్చి, పెండ్లికుమారుని పేరేమో చదువుమని యడిగితిమి. బాలుడు ఆ కాగితమును త్రిప్పి త్రిప్పి చూచి తలవంచుకొనెను. మాటలాడుటలో ఎదురులేని పిల్లవాడు రెండు పంక్తులు చదువలేకపోయెను. తండ్రిగారి మొగము చిన్నబోయినది.

ఇందులో ఆ బాలుని తప్పు లేదు. ఆ తండ్రి తప్పును లేదు. తెలుగు చెవికి వినబడుచుండిన చాలును, అది కంటికిని తనంతట తానే తెలియునని మనలో పెక్కుమంది నమ్ముచున్నాము. ఆ నమ్మకము సరియైనది కాదని చెప్పుటకును, అదే ఫోను సాయముతో ఆ లోటును ఎట్లు పూడ్చుకొనవచ్చునో వివరించుటకును ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన పూర్వులు ఈ తమిళదేశమునకు వచ్చి ఎన్నో తరములు గడచినవి. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, లెక్కల పుస్తకములో ఆంగ్లము: ఇది నేడు మన పిల్లల నిత్యజీవితము. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన సదుపాయములు కల్పింపవలెనని, 1956లో ఏడవ సవరణముచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన చట్టము ననుసరించి పాఠశాలలలో తమిళము క్రమక్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. తమిళమును మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. మనకు అన్నము పెట్టుచున్న నేల భాష అది. అయితే పాఠశాల పనివేళలు మాత్రము పెరుగవు గదా! తెలుగునకు అక్కడ మిగులు కాలము కొద్ది. తక్కిన పని ఇంటిలో జరుగవలెను. ఇంటిలో జరుగుటకు పుస్తకములు కావలెను. మన యూరి అంగళ్లలో తెలుగు బాలసాహిత్యము దొరకుట యరుదు. ఎవరైన విజయవాడకో హైదరాబాదుకో పోయివచ్చినప్పుడు తెచ్చిన రెండు పుస్తకములే సంవత్సరమంతయు చదువవలసిన స్థితి. వెబ్‌సైట్లు మనకు ముఖ్యముగా పనికివచ్చునది ఇచ్చటనే. మన పిల్లలకు అవి వినోదశాలలు కావు. ఊరిలో లేని పుస్తకశాలలు.

ఎన్నుకొనుటకు ఒక గురుతు

ముందుగా మా పొరపాటు నొకటి చెప్పుకొనవలెను. గత సంవత్సరము మేము ఇరువదికి మించిన వెబ్‌సైట్ల పేర్లను ఒక కాగితమున అచ్చువేయించి ప్రతి విద్యార్థిచేతను ఇంటికి పంపితిమి. సంవత్సరాంతమున విచారింపగా, వానిని తెరచి చూచిన కుటుంబములను వ్రేళ్లమీద లెక్కింపవచ్చునని తేలినది. ఏది ఎందుకు, ఏ తరగతికి, తెరచిన పిమ్మట ఏమి చేయవలెను అను సంగతి మేము చెప్పలేదు. పేర్ల పట్టిక చేతికిచ్చుట, ఆకలిగొన్నవానికి అంగడి దారి చూపుట వంటిదే యైనది.

కావున ఈసారి కొద్దిపేర్లనే చెప్పదలచితిమి. ఎన్నుకొనుటకు మాకొక గురుతు కలదు. ఏ వెబ్‌సైటునైనను తెరచి, పిల్లవాడు దానియెదుట పది నిమిషములు కూర్చున్న తరువాత మనము వేసికొనవలసిన ప్రశ్న యొక్కటే: ఈ పది నిమిషములలో వాడు ఏమైన చదివెనా, వ్రాసెనా, చేసెనా? లేక ఊరక చూచెనా? పాటలును, బొమ్మల చిత్రములును చెడ్డవని మేమనుట లేదు. అవి ఇచ్చునది చెవి తెలుగు. దానిని ఇంటిలో అవ్వయు అమ్మయు నిత్యము ఇచ్చుచునే యున్నారు. మన పిల్లలకు కొఱవడినది కంటి తెలుగు, చేతి తెలుగు. ఆ రెండింటిని ఇచ్చు వెబ్‌సైటే మనకు మేలైనది.

పాఠ్యపుస్తకములు

మొదట పాఠ్యపుస్తకముల సంగతి. జూన్ నెలలో బడి తెరచిన పిమ్మట పుస్తకము చేతికందుటకు వారములు పట్టుట మనలో చాలమందికి అనుభవమే. తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ తన పుస్తకములను వెబ్‌సైటునందు ఉచితముగా నుంచుచున్నది. సరిహద్దుల కావల నున్న మన బంధువుల పిల్లలకును ఇట్టి వసతి కలదు. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘము తెలుగుతో సహా ఏడు మాధ్యమములలో పుస్తకములను సిద్ధపరచుచున్నది. 1967లో పుణెలో స్థాపింపబడిన బాలభారతి, మహారాష్ట్ర పిల్లలకు తెలుగుతో సహా ఎనిమిది భాషలలో పాఠ్యపుస్తకములను ప్రచురించుచున్నది. షోలాపురమున నున్న బంధువులకు ఈ సంగతి తెలుపుడు.

కేంద్ర ప్రభుత్వము 2017 సెప్టెంబరు 5వ తేదీన 'దీక్ష' అను వేదికను ప్రారంభించెను. ఇందు వివిధ రాష్ట్రముల పాఠములు తరగతివారీగా, భాషవారీగా నమర్పబడియున్నవి. పాఠ్యపుస్తకములలో పాఠము ప్రక్కన నలుపు తెలుపు చుక్కలతో నిండిన చదరపు గుర్తును మీరు చూచియుందురు. దానిని క్యూఆర్ కోడ్ అందురు. దీక్ష యాప్‌ను తెరచి ఫోను కెమేరాను ఆ గుర్తునకు చూపినయెడల, ఆ పాఠమునకు సంబంధించిన వివరణము, అభ్యాసములు తెరమీదికి వచ్చును. పుస్తకమున ఆ గుర్తు లేకున్నను, రాష్ట్రము, భాష, తరగతి ఎన్నుకొని వెదకవచ్చును.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పాఠ్యపుస్తకములు మనకు మఱియొక విధముగా పనికివచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020-21 విద్యాసంవత్సరమునుండి ఒక పుటలో ఆంగ్లము, ఎదుటి పుటలో తెలుగు ఉండునట్లు పుస్తకములను అచ్చువేయ నారంభించెను. తరువాత తెలంగాణమును అట్టి పుస్తకములను తెచ్చినది. ఈ ఏర్పాటు అక్కడి పిల్లలకు ఆంగ్లము నేర్పుటకు చేసినది. మన పిల్లలకు ఇది తిరుగుముఖముగా ఉపకరించును. ఆంగ్లమాధ్యమమున చదువు మన బాలిక 'ఫొటోసింథసిస్' అను పాఠమును ఆంగ్లములో నెరిగియే యుండును. ఎదుటి పుటలో 'కిరణజన్య సంయోగక్రియ' అను మాటను చూచినప్పుడు ఆ మాట భయపెట్టదు. తెలిసిన విషయమునకే తెలుగు పేరని గ్రహించును. వారమున కొక్క పుటను ఇట్లు ప్రక్కప్రక్కన చదివించిన చాలును.

కథలు

ఇక కథలు. మన పిల్లలకు మేము మొదట చెప్పునది 'స్టోరీవీవర్' అను వెబ్‌సైటు. బెంగుళూరునందలి ప్రథమ్ బుక్స్ అను సేవాసంస్థ దీనిని 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినమున ప్రారంభించినది. బొమ్మలతో కూడిన పిల్లల కథలు ఇందు తెలుగునను, తమిళమునను, ఇతర భాషలనేకములందును ఉచితముగా లభించును. చదువుకొనవచ్చును, దించుకొనవచ్చును, కాగితముమీద అచ్చు తీసికొనవచ్చును. అట్లు చేయుట తప్పు కాదు. ఎవరైనను వాడుకొనవచ్చునని ఆ సంస్థయే అనుమతి నిచ్చియున్నది.

ఇందలి కథలు నాలుగు మెట్లుగా విభజింపబడియున్నవి. మొదటి మెట్టు కథలలో సుమారు 250 మాటలకు లోపుగా, సులభమైన పదములు మరల మరల వచ్చుచుండును. రెండవ మెట్టు 250 నుండి 600 మాటల వరకు, మూడవది 600 నుండి 1500 వరకు, నాలుగవది అంతకు మించి యుండును. ఇచ్చట తలిదండ్రులు సాధారణముగా చేయు తప్పొకటి కలదు. పిల్లవాడు ఏడవ తరగతి గనుక నాలుగవ మెట్టు కథ నిత్తురు. తెలుగు చదువుటలో వాడు ఒకటవ తరగతియే కావచ్చును. ఒక పుటను గట్టిగా చదివింపుడు. ఐదు మాటలకంటె ఎక్కువచోట్ల ఆగినయెడల ఒక మెట్టు దిగుడు. దిగుటకు సిగ్గుపడనక్కర లేదు. సులభమైనది ధారగా చదివిన పిల్లకు మఱునాడు తానే పుస్తక మడుగు బుద్ధి పుట్టును. కఠినమైనదానితో కుస్తీపట్టిన పిల్ల పుస్తకమును చూచి పారిపోవును.

ఈ వెబ్‌సైటులో మనవంటివారికి ప్రత్యేకముగా నచ్చు సంగతి యొకటున్నది. ఒకే కథ, అవే బొమ్మలతో, పెక్కు భాషలలో దొరకును. బడిలో తమిళము బాగుగా నేర్చిన పిల్లకు కథను మొదట తమిళమున చదువనిచ్చి, పిదప తెలుగున చదివింపవచ్చును. కథ ముందే తెలిసియుండుటచే అక్షరముమీద దృష్టి నిలుచును. ఒక భాష మఱియొక భాషకు శత్రువు కాదని, చేయిపట్టి నడిపించు అక్క వంటిదని పిల్లకు మనము చెప్పకయే తెలియును.

ఇది మనకు క్రొత్తయు కాదు. 'చందమామ' మాసపత్రిక 1947 జూలైలో మదరాసునుండి తెలుగు, తమిళ భాషలలో ఒక్కమారే వెలువడినది. తమిళమున దాని పేరు 'అంబులిమామ'. మనలో ఏబది, అరువది యేండ్లు దాటినవారు ఎందఱో చందమామకొఱకు నెలంతయు ఎదురుచూచి, అన్నదమ్ములతో పోట్లాడి చదివినవారే. మనకు తెలుగు చదువుట అలవాటైనది పాఠ్యపుస్తకమువలన మాత్రమే కాదు, ఆ కథలవలన. ఆ పత్రిక ఇప్పుడు అచ్చులో లేదు. మన పిల్లలకు ఆ స్థానమును నింపు కథలు కావలెను.

మాటలు

కథ చదువునప్పుడు తెలియని మాట వచ్చును. అప్పుడు 'ఆంధ్రభారతి' అను వెబ్‌సైటునందలి నిఘంటుశోధనను తెరువుడు. వెదకు పెట్టెలో ఒక్క తెలుగు మాటను వ్రాసినచో, అనేక నిఘంటువులలో దాని అర్థము ఒకేచోట కనబడును. బ్రౌన్ దొరగారు 1852లో మదరాసున అచ్చు వేయించిన తెలుగు-ఆంగ్ల నిఘంటువును, బహుజనపల్లి సీతారామాచార్యులవారి 'శబ్దరత్నాకరము'ను అందున్నవి. వేమన, సుమతి మొదలగు శతకములును అక్కడనే చదువుకొనవచ్చును.

నిఘంటువునుగూర్చి ఇంత చెప్పుటకు ఒక కారణము కలదు. మన యింటి తెలుగు వేరు, ఆంధ్రదేశపు పాఠ్యపుస్తకముల తెలుగు వేరు. మన మింటిలో 'అంగడి' అందుము. పుస్తకము 'దుకాణము' అనును. మనము 'పెండ్లి' అందుము. పుస్తకము 'పెళ్ళి' అనును. మనము 'ఎర్రగడ్డ' అన్నదానిని పుస్తకము 'ఉల్లిపాయ' అనును. ఈ తేడాలను చూచి పిల్లలు తమ యింటి తెలుగు తప్పుడు తెలుగని తలంచుచున్నారు. మా తరగతిలో ఒక బాలిక, "మా అవ్వకు సరిగా తెలుగు రాదు" అని చెప్పినది! ఆ బాలికచేతనే నిఘంటుశోధనలో 'అంగడి', 'పెండ్లి' అను మాటలను వెదకించితిమి. రెండును పాత నిఘంటువులలో నిక్షేపముగా నున్నవి. "అయితే మా అవ్వ చెప్పేదీ తెలుగే!" అని ఆ బాలిక యాశ్చర్యపడినది. ఈ ఒక్క సంతోషముకొఱకైనను ఆ వెబ్‌సైటును తెరువవచ్చును. మన పలుకు పాతదే కాని తప్పు కాదు. పుస్తకపు పలుకు నేర్వవలెను. ఇంటి పలుకును విడువరాదు.

విషయసంగ్రహము

పిల్లలకు బడిలో వ్యాసములు, ప్రాజెక్టులు ఇచ్చినప్పుడు తెలుగు వికీపీడియా పనికివచ్చును. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞానసర్వస్వమును జీతము లేని తెలుగువారే వ్రాసి పెంచుచున్నారు. ఊళ్లు, నదులు, కవులు, శాస్త్రవిషయములు అన్నిటిమీదను ఇందు వ్యాసములున్నవి. దీనికి తోబుట్టువైన వికీసోర్సులో పాత తెలుగు గ్రంథములనేకము చదువుటకు దొరకును. హైస్కూలు పిల్లలు గురజాడవారి 'కన్యాశుల్కము'ను అచ్చట చూడవచ్చును.

ఒక హెచ్చరిక. వికీపీడియాను ఎవరైనను దిద్దవచ్చును గనుక, తప్పులును దొరలుచుండును. తేదీలు, అంకెలు ఉన్నప్పుడు మఱియొక పుస్తకముతో సరిచూచుకొనుట పిల్లలకు నేర్పవలెను. చూచి అట్లే దించివ్రాయుట చదువు కాదు. వ్యాసమును చదివి, ఫోను మూసి, గుర్తున్నదానిని సొంత మాటలలో పది పంక్తులు వ్రాయుమనుడు. అప్పుడు చదివినది తమదగును.

లెక్కలు, విజ్ఞానము

తెలుగునకు వెలుపలి విషయములకు మూడింటిని చెప్పెదము. మొదటిది 'ఖాన్ అకాడెమీ'. అమెరికాలోనున్న సల్మాన్ ఖాన్ అను ఆయన 2004లో దూరమున నున్న తన బంధువుల పిల్లకు లెక్కలు చెప్పుటతో దీనికి బీజము పడినది. 2008లో అది లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడినది. పాఠములు ఉచితము. మా అనుభవమున ఇందు పాఠముకంటె అభ్యాసములే మేలు. తప్పు చేసిన పిల్లకు మెట్టుమెట్టుగా సూచన నిచ్చి మరల చేయించును. తన తరగతి కంటె క్రింది తరగతి లెక్కలను ఎవరును చూడకుండ నేర్చుకొనవచ్చును. సిగ్గుపడు పిల్లలకు ఇది గొప్ప మేలు.

రెండవది 'ఫెట్'. భౌతికశాస్త్రమున 2001లో నోబెల్ బహుమతి నందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున దీనిని ప్రారంభించెను. ఇది తెరమీది ప్రయోగశాల. బ్యాటరీ, తీగ, బల్బు అన్నియు అందున్నవి. పిల్లలు తీగలను తామే కలిపి, దీపము వెలుగునో లేదో చూడవచ్చును. భిన్నములను ముక్కలుగా నమర్చి పోల్చవచ్చును. కొన్ని ప్రయోగములకు తెలుగు అనువాదములును గలవు. పేరు నమోదు చేసికొనకయే వాడవచ్చును.

మూడవది అరవింద్ గుప్తాగారి బొమ్మల వెబ్‌సైటు. కాన్పూరు ఐఐటీలో చదివిన ఈయన, పారవేయు వస్తువులతో శాస్త్రబొమ్మలు చేయుటను జీవితకార్యముగా పెట్టుకొనిరి. 2018లో పద్మశ్రీ నందిరి. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు గొట్టపు ముక్కలతో త్రిభుజము, చదరము చేసిచూడుడు. త్రిభుజము నొక్కినను ఒరగదు, చదరము ఒరగిపోవును. ఇంటి దూలములలో, వంతెనలలో త్రిభుజములెందుకుండునో పిల్లకు చేతితోనే తెలియును. ఇట్టి వెబ్‌సైటు పిల్లను తెరనుండి లేపి పనిలో పెట్టును. మా దృష్టిలో అదియే ఉత్తమమైన వెబ్‌సైటు లక్షణము.

చేతి తెలుగు

మన పిల్లలు ఇప్పుడు బంధువులకు ఫోనులో సందేశములు పంపుచున్నారు. భాష తెలుగే, అక్షరములు మాత్రము ఆంగ్లము. ఇట్లు వ్రాసి వ్రాసి తెలుగు లిపితో వారికి పనియే లేకపోవుచున్నది. దీనికి మందు సులభము. ఫోను అమరికలలో తెలుగు కీబోర్డును చేర్చి, అవ్వకు తాతకు పంపు సందేశమైనను తెలుగు లిపిలోనే వ్రాయవలెనని ఇంటిలో నియమము పెట్టుడు.

బడిలోనో ఇంటిలోనో కంప్యూటరు ఉన్నవారు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును నేర్పుట మంచిది. భారతీయ లిపులన్నిటికి దీని అమరిక ఒకటే. తెలుగు 'క' ఏ మీటమీద నున్నదో, తమిళ 'క' కన్నడ 'క' దేవనాగరి 'క' అన్నియు ఆ మీటమీదనే యున్నవి. ఒక్క లిపిలో చేయి తిరిగినచో మూడు నాలుగు లిపులలో వ్రాయవచ్చును. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష గల మన పిల్లలకు ఇంతకంటె అనుకూలమైనది మఱి యేమి కావలెను?

జాగ్రత్తలు

మంచి చెప్పినప్పుడు కీడును చెప్పవలెను. పిల్లలకు పనికివచ్చు వెబ్‌సైటు పిల్లల పేరు, ఫోను నంబరు, ఫొటో అడిగినయెడల తలిదండ్రులు ఒకసారి ఆగి ఆలోచింపవలెను. మేము పైన చెప్పినవానిలో చదువుటకు చాలవరకు ఇవి అవసరమే లేదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములను వాడుకొనుటకు తలిదండ్రుల అనుమతి కావలెనని నిర్దేశించినది. ఆ అనుమతి మీ చేతిలోని హక్కు. చూడకుండ సరియని మీట నొక్కి దానిని పోగొట్టుకొనకుడు.

మొదట ఉచితమని చెప్పి, పిదప పరీక్షలో ర్యాంకు రాదని భయపెట్టి వేలకొలది రూపాయలు అడుగు యాప్‌లు పెక్కు కలవు. మా విద్యార్థి తల్లి యొకరు నెలవాయిదాలకు ఒప్పుకొని సంతకము చేసి చిక్కులలో పడిరి. పిల్ల ఆ పాఠములను నాలుగు దినములు మాత్రమే చూచినది. డబ్బు కట్టుటకు ముందు ఒక్కసారి మీ పిల్లల ఉపాధ్యాయులను సంప్రదింపుడు. ప్రభుత్వపు వెబ్‌సైట్ల చిరునామా చివర సాధారణముగా 'గవ్ డాట్ ఇన్' అని యుండును. అదే పేరుతో వేఱు తోకగల చిరునామా వచ్చినయెడల తెరువవలదు. పిల్లలను ఎవరైన ఫోనుద్వారా బాధించినయెడల 1098 అను ఉచిత నంబరునకు ఫోను చేయవచ్చునని వారికిని తెలిపియుంచుడు.

ఒక అరగంట

ఇన్ని చెప్పితిమి గాని, నిజమునకు కావలసినది అరగంట. వారమునకు నాలుగు దినములు, రాత్రి భోజనమునకు ముందు, అరగంటసేపు ఫోను పిల్లచేతిలో, పిల్ల మీ ప్రక్కన. మొదటి పదిహేను నిమిషములు కథ గట్టిగా చదువుట. తరువాత ఐదు నిమిషములు తెలియని రెండు మాటలను నిఘంటువులో వెదకుట. కడపటి పది నిమిషములు ఫోను మూసి, కాగితముమీద కలముతో ఐదు పంక్తులు వ్రాయుట. ఆ పిమ్మట ఫోను మీ చేతికి రావలెను.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు మొదటి మెట్టు కథలు మాత్రమే చాలును. చదువునది మీరు, వ్రేలితో అక్షరములను చూపునది పిల్ల. మూడు మొదలు ఐదవ తరగతి వరకు కథలు, నిఘంటువు. ఆరవ తరగతి మొదలు రెండు భాషల పాఠ్యపుస్తకములు, వికీపీడియా, లెక్కల అభ్యాసములు చేర్చవచ్చును.

"మాకే తెలుగు చదువ రాదు, పిల్లలకేమి నేర్పుదుము?" అని కొందఱు తల్లులు అడుగుచున్నారు. వారికి మా జవాబు: మీరు నేర్పనక్కర లేదు, ప్రక్కన కూర్చుండుడు. పిల్ల చదువగా వినుడు. మాట తప్పుగా పలికినచో మీ చెవికే తెలియును. ఆ చెవి మీకు మీ అమ్మ ఇచ్చినది. మొదటి మెట్టు కథలతో మీరును పిల్లతోపాటు నేర్చుకొనవచ్చును. ఇంటిలో ఒక్కటే ఫోను ఉండి, అది తండ్రితో పనికి పోవు కుటుంబములును మనలో నున్నవి. అట్టివారి పిల్లలకొఱకు కథలను పాఠశాలలో అచ్చు తీసి, కుట్టి, ఇంటికి పంపుచున్నాము. అడుగుటకు సంకోచింపవలదు. కాగితముమీది కథ తెరమీది కథకంటె తక్కువది కాదు. కొన్ని విధముల ఎక్కువది.

మొదట చెప్పిన బాలుని సంగతి వినగోరుదురు. వాడిప్పుడు ఏడవ తరగతి. తండ్రిగారు పట్టుదలతో ప్రక్కన కూర్చుండి, మొదటి మెట్టునుండి చదివించిరి. వాడు రెండవ మెట్టు కథలను చదువుచున్నాడు. ఒత్తులవద్ద ఇంకను తడబడుచున్నాడు; 'క్ష' వచ్చినచో ఆగుచున్నాడు. కాని మొన్న తన అక్క పెండ్లి శుభలేఖను మాకు తెచ్చియిచ్చినప్పుడు, మేమడుగకయే పెండ్లికుమారుని పేరును, ముహూర్తమును, తన తాతగారి పేరును చదివి వినిపించెను.

తెలుగు మాట మన యిండ్లలో ఇన్ని తరములు నిలుచుటకు కారణము మన అవ్వలు, అమ్మలు. తెలుగు అక్షరము నిలుచుట ఇప్పుడు మన చేతిలో నున్నది. వచ్చు సంవత్సరపు సంచికకు మీ పిల్లలు తమ చేతితో తెలుగు లిపిలో వ్రాసిన పది పంక్తులను పంపింపవలెనని కోరుచున్నాము. తప్పులున్నను ఫరవాలేదు, మేము దిద్దెదము. వ్రాసినది వారిదై యుండిన చాలును.